మామ్మ వడికిన పొందూరు నూలు 20 చిలపలు ఉన్నాయి, పుట్టబోయే బిడ్డకు ఏం అల్లాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా మామ్మ పుట్టిల్లు పొందూరు. పెళ్ళయి శ్రీకాకుళం వచ్చాక కూడా రాట్నం వదల్లేదు. రెండేళ్ళ క్రితం పోయింది. మొన్న ఆవిడ ట్రంకు పెట్టె తీస్తే అడుగున పాత పంచెలో చుట్టి 20 చిలపలు (నూలు చుట్టలు) కనిపించాయి. చిలపకు వెయ్యి మీటర్లు. వంటింటి కాటాలో పెడితే అన్నీ కలిపి 118 గ్రాములు తూగాయి. 20 కిలోమీటర్ల నూలు నా రెండు అరచేతుల్లో ఇమిడిపోయింది.

మా చెల్లికి పుష్యమాసంలో పురుడు. ఇంట్లో మామ్మకు మొదటి మునిమనవడో మునిమనవరాలో రాబోతోంది. ఈ నూలుతో ఆ బిడ్డకు నా చేత్తో ఏదైనా అల్లాలని ఉంది. ఊలుతో స్వెట్టర్లు, టోపీలు చాలా అల్లాను. చేత్తో వడికిన నూలు మాత్రం ఎప్పుడూ సూది మీదకు ఎక్కించలేదు. దుప్పటి, జాకెట్, టోపీ, మేజోళ్ళు, వీటిలో ఏది మంచిది? పాడయితే మళ్ళీ తేలేని నూలు కాబట్టి మొదలుపెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

ఊలు బుట్ట (విజయనగరం)

చెల్లీ, బొమ్మలు చూసి డిజైన్ ఎంచుకోకు. ముందు బరువు చూసుకో. ముప్పై ఏళ్ళుగా అల్లుతున్నాను, దారం తక్కువైనప్పుడు నేను నమ్మేది కాటానే. సన్న దారంతో చిన్న టోపీకి 25 నుంచి 30 గ్రాములు పడుతుంది. 3 నుంచి 6 నెలల బిడ్డకు చేతుల్లేని జాకెట్ అయితే 60 నుంచి 80. దుప్పటి ఎంత చిన్నదైనా 250 దాటుతుంది. అంటే దుప్పటి మాట ఇక్కడితో వదిలెయ్యి. వేరే దారం కలిపి పూర్తి చేద్దామని కూడా అనుకోకు. మిల్లు దారం, రాట్నం నూలు ఉతుకులో ఒకేలా ముడుచుకోవు. రెండు మూడు ఉతుకులకే అంచులు వంకరపోతాయి.

ఇంకో సంగతి. 20 చిలపలు 118 గ్రాములంటే అది 100 కౌంటుకు దగ్గర. కౌంటంటే నూలు సన్నదనం కొలత, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. ఒక్క పోగుతో అల్లితే దోమతెర కూడా రాదు. చాలా పోగులు కలపాలి. 40 పోగులు కలిపితే సన్న ఊలు దారం మందం వస్తుంది, 20 చిలపలకు మొత్తం 500 మీటర్లు అవుతుంది.

పొందూరు కోడలు (పొందూరు)

నలభై పోగులు అన్న మాట చదివి నా గుండె ఝల్లుమంది. మా అత్తగారు ఇప్పటికీ వడుకుతారు. ఆ నూలు వెనక ఎంత పని ఉందో ఒక్కసారి చెప్పనివ్వండి. పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళకు చెత్త, పొట్టి పీచు చిక్కుకుని పొడుగు పీచు మిగులుతుంది. తర్వాత గింజ తీయడం, చిన్న వింటితో ఏకడం, ఏకులు చుట్టడం. ఆ ఏకులు నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని, 24 ఆకుల పెద్ద చక్రం ఉన్న రాట్నం మీద ఒకే కదురుతో వడుకుతారు. కౌంటంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం: ఒక పౌను బరువులో 840 గజాల చుట్టలు ఎన్ని పడితే అన్ని కౌంటు (ఈ లెక్కలో చుట్ట, మన వెయ్యి మీటర్ల చిలప ఒకటి కాదు). 100 కౌంటంటే ఒక్క గ్రాముకు 169 మీటర్లు. అంత సన్నం చేసింది నేతకు. 1949లో మా ఊళ్ళో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం పెట్టిందే ఈ సన్న నూలు పని కోసం. అలాంటి పోగులు నలభై కలిపి తాడు చేస్తే సన్నదనం అంతా పోయినట్టే కదా?

నా మాట వింటే నేయించండి. పలచని గుడ్డకు సెంటీమీటరుకు 32 పోగుల లెక్కన చూస్తే, మీటరు పొడవు మీటరు వెడల్పు గుడ్డకు పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) కలిపి సుమారు 7,000 మీటర్లు పడుతుంది. మగ్గం మీద పోయే నూలు తీసేసినా రెండు మీటర్ల గుడ్డ వస్తుంది. బిడ్డకు పొత్తిగుడ్డకు అంతకంటే మెత్తనిది ఎక్కడ దొరుకుతుంది?

నాగావళి గట్టు

అక్కా, మీ మాట కాదనలేను. అయినా ఈ నూలు ఇంకొకరి చేతికి మొత్తం ఇచ్చేయాలంటే మనసొప్పడం లేదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మామ్మ పక్కన కూర్చుని ఏకు పట్టుకునేదాన్ని. నా చేతిలో పోగు తెగితే ఏమీ అనేది కాదు, తడి వేలితో అతికించి మళ్ళీ నా చేతికే ఇచ్చేది. ఆవిడ చేతి నుంచి నా చేతికి వచ్చినట్టు ఉండాలని నా కోరిక.

ఇవాళ ఒక చిలప విప్పి చూశాను. కొన్ని చోట్ల పోగు కొద్దిగా లాగితే జారి విడిపోతోంది. ఇంకొన్ని చోట్ల వదులు చేస్తే తనంతట తానే మెలికలు పడుతోంది. ఇది పాడైనట్టా?

పొందూరు కోడలు

పాడవలేదమ్మా. జారిపోయే చోట పురి తక్కువ, మెలికలు పడే చోట పురి ఎక్కువ. మామ్మగారు పెద్ద వయసులో వడికినవి అయ్యుంటాయి, కుడిచేయి చక్రం తిప్పే వేగం మారితే అలా అవుతుంది. మా అత్తగారి నూలులో కూడా ఈ మధ్య అదే కనిపిస్తోంది.

అల్లాలనే అనుకుంటే పోగులు ఊరికే పక్కపక్కన పట్టుకుని అల్లొద్దు. పేనాలి. పది పోగులు కలిపి, వడికిన దిక్కుకు ఎదురు దిక్కున పురి పెట్టాలి. అలాంటి పేటలు నాలుగు కలిపి మళ్ళీ మొదటి దిక్కుకు తిప్పాలి. అప్పుడు పురికి పురి సరిపోయి దారం నిలకడగా ఉంటుంది, జారే చోట్లను పక్క పోగులు పట్టుకుంటాయి. పొడవు కొంత తగ్గుతుంది, లెక్కలో పెట్టుకోండి. పేనిన దారం చిన్న ముక్క ఉరిలా వేలాడదీసి చూడండి. మెలిక పడకుండా నిటారుగా వేలాడితే సరిపోయినట్టు.

సిస్టరమ్మ (శ్రీకాకుళం)

నేను పద్నాలుగేళ్ళుగా పసిపిల్లల వార్డులో నర్సుగా చేస్తున్నాను. ఏం అల్లాలన్నది మీ ఇష్టం, కానీ ఏం వద్దో నేను చెప్తాను.

మేజోళ్ళు, చేతి తొడుగులు వద్దమ్మా. ఒకసారి రెండు నెలల బాబును ఏడుపు ఆగడం లేదని తెచ్చారు. జ్వరం లేదు, కడుపునొప్పి కాదు. మేజోడు విప్పితే లోపల ఊడిన దారం పోగు కాలి బొటనవేలికి చుట్టుకుని వేలు కమిలిపోయి ఉంది. సమయానికి చూశాం కాబట్టి వేలు దక్కింది. చేత్తో అల్లిన వాటిలో లోపలివైపు దారాలు వదులుగా ఉంటాయి, పైగా మీ నూలు పోగులు వెంట్రుకంత సన్నం. ఒక్కటి ఊడినా కంటికి ఆనదు.

టోపీ పెడితే బయటికి తీసుకెళ్ళేటప్పుడే. ఇంట్లో పడుకున్నప్పుడు టోపీ వద్దు, బిడ్డ ఒంటి వేడి తల నుంచే ఎక్కువగా బయటికి పోవాలి. పడుకున్న బిడ్డ మీద వదులు దుప్పటి కూడా వద్దు, మొహం మీదకు జారుతుంది. మెడ దగ్గర తాళ్ళు, ఊడే గుండీలు అస్సలు వద్దు. పెద్ద కన్నాల లేసు డిజైన్ కూడా వద్దు, వేళ్ళు అందులో ఇరుక్కుంటాయి. ఇవన్నీ పోగా చేతుల్లేని పైజాకెట్ ఒక్కటే నాకు నిశ్చింతగా కనిపిస్తోంది. పుష్యంలో మన దగ్గర తెల్లవారుజామున చలి ఉంటుంది, తొమ్మిది గంటలకల్లా ఎండ వచ్చేస్తుంది. నూలు జాకెట్ వేయడం, తీయడం తేలిక.

పాలకొండ అమ్మమ్మ (పాలకొండ)

బంగారు తల్లీ, నువ్వు ఎంత అపురూపంగా అల్లినా పుట్టగానే బిడ్డకు అది వేయకండి. మన పద్ధతి నీకు తెలుసు కదా. ముందు పాత గుడ్డే. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన పంచె చింపి అందులో చుట్టాలి. నువ్వు చెప్పిన ఆ చిలపలు చుట్టిన పంచె ఉంది చూడు, దాన్ని ఉతికి ఎండలో ఆరేసి పురుటికి పంపు. జాకెట్ ఇరవై ఒకటో రోజు బారసాలకు తొడగండి.

నూలు అల్లే ముందు ఉడకబెట్టు. చిలపను నాలుగు చోట్ల తెల్ల దారంతో వదులుగా కట్టు, లేకపోతే చిక్కుపడి ఏడిపిస్తుంది. లీటరు నీళ్ళకు ఒక చెంచా చాకలి సోడా వేసి సన్న సెగ మీద గంటసేపు ఉంచు. నీళ్ళు టీ రంగులోకి వస్తాయి, భయపడకు. అది పత్తిలోని మైనం, మురికి. ఆ మైనం పోతేనే గుడ్డ చెమట పీలుస్తుంది. తర్వాత మూడు నాలుగు నీళ్ళు మార్చి జాడించు.

ఇంకోటి. బిడ్డ ఒంటికి నూనె, నలుగు, పసుపు తప్పవు. తెల్ల నూలు మీద పసుపు పడి, దాని మీద సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది. చూసి కంగారుపడి బ్లీచింగు పోయకండి. ఉతికి తడిగానే ఎండలో వేస్తే పసుపు దానంతట అదే వెలిసిపోతుంది.

సోంపేట కొబ్బరితోట (సోంపేట)

నాకు అల్లిక రాదు, మా ఆవిడ ఈ చర్చ చూపిస్తే చదివాను. మా అమ్మ కూడా వడికేది. ఆవిడ పోయాక చిలపలన్నీ ఇనప్పెట్టెలో పెట్టి, ఎవరి పెళ్ళికో, ఎవరి పిల్లలకో అనుకుంటూ దాచాం. మా పిల్లలిద్దరూ పుట్టారు, బారసాలలు అయ్యాయి, ఇంకా మంచి సందర్భం రావాలని ఆగాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాలోనే తీరం దాటింది. ఇంటి పైకప్పు పోయింది, తోటలు పోయాయి. వాటి మధ్య పెట్టె సంగతి ఎవరికి గుర్తుంటుంది? నెల తర్వాత తెరిస్తే నూలంతా బూజు పట్టి నల్లమచ్చలు. ముట్టుకుంటే పొడిపొడిగా తెగిపోయింది. ఒక్క చిలప కూడా మిగల్లేదు. మా అమ్మ చేతి పని మా పిల్లల ఒంటిని ఒక్కసారి కూడా తాకలేదు.

అమ్మా, జాకెట్టో టోపీయో పెద్దలు చెప్పినట్టు చెయ్యండి. మళ్ళీ పెట్టెలో మాత్రం పెట్టకండి.

నాగావళి గట్టు

అన్నయ్యా, చదివి చాలాసేపు మాట రాలేదు. మీరు చెప్పింది మా చెల్లికి ఫోనులో చదివి వినిపించాను. జాకెట్టే అల్లుతాను. ఊలు బుట్ట అక్కా, డిజైన్ చెప్పండి.

ఊలు బుట్ట

అయితే ఇలా చెయ్యి. పొత్తికడుపు మీదకు ఒక పక్కది ఇంకో పక్కకు వచ్చే అడ్డకట్టు జాకెట్. బిడ్డను ఎత్తకుండా, తల మీదుగా లాగకుండా తొడగొచ్చు. 3 నుంచి 6 నెలల బిడ్డకు ఛాతీ 41 నుంచి 43 సెంటీమీటర్లు ఉంటుంది. జాకెట్ చుట్టుకొలత 48 పెట్టు. ఊలు సాగుతుంది కాబట్టి బిగుతుగా అల్లినా నడుస్తుంది, నూలు సాగదు. వదులు ముందే ఇవ్వాలి.

అన్ని వరుసలూ ప్లెయిన్‌తోనే (సూటి కుట్టుతోనే) అల్లు. ఒక వరుస ప్లెయిన్, ఒక వరుస పర్ల్ (తిరగేసిన కుట్టు) వేసే నున్నటి అల్లికలో దారం పురి ఏమాత్రం ఎక్కువైనా గుడ్డ ఒక మూలకు వాలిపోతుంది. రాట్నం నూలు మిల్లు దారంలా ఒకే తీరుగా ఉండదు. అన్నీ ప్లెయిన్ అయితే రెండు వైపులా ఒకేలా గట్లు గట్లుగా వచ్చి ఆ వాలు కనిపించదు, అంచులు చుట్టుకోవు. మామ్మగారి నూలులో సన్నం లావూ ఉన్నాయి కదా, అవి ఆ గట్లలో కలిసిపోయి అందంగా కూడా ఉంటాయి.

అసలు కిటుకు ఇది. కింది నుంచి పైకి కాకుండా అడ్డంగా అల్లు. ఎడమ అంచు దగ్గర మొదలుపెట్టి, ఎడమ ముందుభాగం, వీపు, కుడి ముందుభాగం వరసగా ఒకే ముక్క. అన్నీ ప్లెయిన్ అల్లిక గట్లకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది. కింది నుంచి అల్లితే నూలు బరువుకు జాకెట్ కిందికి సాగి గౌనవుతుంది. అడ్డంగా అల్లితే ఆ సాగుడంతా ఒంటి చుట్టూ వస్తుంది, బిడ్డ పెరిగినా ఇంకో నెల రెండు నెలలు పడుతుంది. పక్క కుట్లు ఉండవు, భుజాల మీద రెండు చిన్న కుట్లే. మొదటి వరుసకు ముందే ఒక నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరేసి కొలువు. ఉతకని ముక్క కొలత లెక్కలోకి తీసుకోకు.

నాగావళి గట్టు (తొమ్మిది రోజుల తర్వాత)

చిలపలు ఉడకబెట్టాను. అమ్మమ్మగారూ, నీళ్ళు మీరు చెప్పినట్టే టీ రంగులోకి వచ్చాయి. ఆరాక నూలు ముందుకంటే తెల్లగా, ముట్టుకుంటే చెవితమ్మెలా మెత్తగా ఉంది.

పేనడానికి పొందూరు కోడలు అక్క వాళ్ళింటికే వెళ్ళాను. రెండు రోజులు అత్తగారే పక్కన కూర్చుని చక్రం ఎదురు తిప్పడం చూపించారు. మొదటి పేట బిగుసుకుపోయి పురికొస తాడులా వచ్చింది, విప్పి మళ్ళీ తిప్పాం. మామ్మ నూలు చేతిలోకి తీసుకుని ఆవిడ, మన ఊరి చెయ్యే అన్నారు.

నమూనా ముక్క: 2.75 మిల్లీమీటర్ల సూదులు, 10 సెంటీమీటర్లకు 26 కుట్లు, 52 వరుసలు. ముక్క బరువు 4 గ్రాములు. ఉతికాక కుట్ల దిక్కున 10 కాస్తా 9.6 అయ్యింది, వరుసల దిక్కున 9.4 అయ్యింది. మొన కోసుగా ఉన్న సూది పోగుల మధ్యకు దూరుతోందని మొండి మొన ఉన్న వెదురు సూది తీసుకున్నాను.

ఊలు బుట్ట

మంచి పని చేశావు. ఇప్పుడు లెక్క చూడు. వీపు, ముందుభాగాలు, అడ్డకట్టు కలిపి గుడ్డ సుమారు 1,550 చదరపు సెంటీమీటర్లు. 100 చదరపు సెంటీమీటర్లకు 4 గ్రాములంటే 62 గ్రాములు. నమూనాకు, తప్పుపోయే వాటికి ఇంకో పది వేసుకో. నీకు 14 చిలపలు పేనితే 82 గ్రాములు, చాలు. మిగతా ఆరూ పేనకు.

అల్లేటప్పుడు ముడుచుకునేదానికి వదులు కలుపుకో. 26 సెంటీమీటర్ల పొడవుకు 68 కుట్లు కాదు, 71 ఎక్కించు.

సిస్టరమ్మ

కట్టుకునే తాళ్ళు పెడితే పక్కటెముకల దగ్గర, జానెడు కంటే పొట్టిగా పెట్టండి. రెండు చివర్లూ గట్టిగా కుట్టెయ్యండి. దారం కొసలు లోపలివైపు వదిలేయకుండా గట్లలోకి వెనక్కీ ముందుకీ రెండుసార్లు దూర్చండి.

పొందూరు కోడలు

పేనని ఆరు చిలపల సంగతి నాకు వదిలెయ్యమ్మా. ఆరు చిలపల కోసం ఏ నేతగాడూ కొత్త పడుగు ఎక్కించడు, అది నిజం. మగ్గం మీద ఇప్పటికే నడుస్తున్న 100 కౌంటు పడుగుకు మామ్మగారి నూలు పేకగా వేయించొచ్చు. మీటరు గుడ్డకు పేక 3,500 మీటర్లు. ఆరు చిలపలకు మీటరున్నర పైనే వస్తుంది. పురి తక్కువున్న పోగు పడుగులో అయితే తెగుతుంది, పేకలో తెగదు. ఇందాక నేను నేత అంటే మీరు అల్లిక అన్నారు. మీ చేతి పని చూశాక నాకు ఇప్పుడు రెండూ కావాలనిపిస్తోంది.

పాలకొండ అమ్మమ్మ

ఆ గుడ్డ వచ్చాక అంచు మడిచి కుట్టండి. మిషను కుట్టు వద్దు, చేతి కుట్టు వేయండి. పసిబిడ్డ ఒంటికి మిషను కుట్టు గట్టిగా తగులుతుంది.

నాగావళి గట్టు (రెండున్నర నెలల తర్వాత)

పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పురిటిలో మామ్మ పంచెలోనే చుట్టారు.

జాకెట్ బారసాలకు నాలుగు రోజుల ముందు పూర్తయింది. మొత్తం 66 గ్రాములు. పాపకు ఇంకా వదులే, అడ్డకట్టు వీపు దాకా వెళ్తోంది. ఉయ్యాలలో వేసేటప్పుడు తొడిగి, పాట అయ్యాక తీసేశాం. నాన్న వచ్చి ఆ గట్ల మీద వేలు పెట్టి, ఇక్కడ లావు, ఇక్కడ సన్నం అని చూపిస్తూ చాలాసేపు ఉయ్యాల పక్కనే నిలబడ్డారు. మొదటి రోజే పసుపు అంటుకుంది. సబ్బు పెడితే ఎర్రబడింది, ఎండలో వేశాను, సగం వెలిసింది.

సోంపేట అన్నయ్యా, పెట్టెలో ఇప్పుడు నూలు లేదు.

పొందూరు కోడలు అక్కా, గుడ్డ ఎంతవరకు వచ్చింది?

పొందూరు కోడలు

మహాలక్ష్మి పుట్టిందన్నమాట, చాలా సంతోషం. ముందున్న పంచె కోత అయ్యాక మొన్న సోమవారమే మామ్మగారి నూలు కండెలకు చుట్టి నాడెలో వేశారు. జానెడు నేత అయ్యింది. పడుగు కంటే పేక కాస్త గోధుమ వన్నెలో కనిపిస్తోంది, వెలుతురుకు పెడితే ఇంకా బాగా తెలుస్తోంది. వచ్చే గురువారం కోస్తారు. తీసుకెళ్ళడానికి వచ్చేటప్పుడు జాకెట్ కూడా తీసుకురామ్మా, మా అత్తగారు రోజూ అడుగుతున్నారు.